సంతకం తర్వాత మొదలయ్యే పని: నిరాయుధీకరణ, భద్రత, అంతర్జాతీయ చట్టం

నిరాయుధీకరణ ఒప్పందం ఏదైనా చేతికొస్తే చివరి పేజీల నుంచి చదవడం మంచిది. మొదటి పేజీలో శాంతి, మానవాళి, భావితరాలు కనిపిస్తాయి. చివర్లో వైదొలగే నిబంధన ఉంటుంది. సంతకం పెట్టిన దేశాలు ఒకదాన్నొకటి ఎంతవరకు నమ్మాయో అక్కడ తెలుస్తుంది. అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం (ఎన్‌పీటీ) పదో అధికరణం ప్రకారం, అసాధారణ పరిణామాల వల్ల తన అత్యున్నత ప్రయోజనాలకు ముప్పు వచ్చిందని ఏ సభ్యదేశమైనా తనకు తానే నిర్ణయించుకోవచ్చు. మిగతా సభ్యులకూ భద్రతా మండలికీ మూడు నెలల ముందు నోటీసిచ్చి వెళ్లిపోవచ్చు. రసాయన ఆయుధాల ఒప్పందంలో ఈ గడువు 90 రోజులు, మందుపాతరల నిషేధ ఒప్పందంలో ఆరు నెలలు, అణ్వాయుధ నిషేధ ఒప్పందంలో 12 నెలలు.

చట్టం ఒకవైపు, దేశ భద్రత మరోవైపు నిలబడి పోట్లాడుకుంటాయనే మాట ఈ నిబంధనలు చదివితే నిలవదు. భద్రత అనే వాదనకు చట్టమే తన గోడలో ఒక తలుపు పెట్టింది. తలుపు తెరిచే ఉన్నా ఎవరూ బయటికి పోకుండా ఉండాలంటే లోపల వాళ్లకు ఏదో దొరుకుతూ ఉండాలి. ఆ దొరికేది ప్రధానంగా సమాచారం: ఎదుటి దేశం దగ్గర ఏముంది, ఎక్కడుంది, అది మాట తప్పితే ఆ సంగతి మనకు ఎన్ని రోజుల్లో తెలుస్తుంది. వదులుకున్న ఆయుధం ఇచ్చే ధీమా కంటే ఈ సమాచారం ఇచ్చే ధీమా ఎక్కువగా ఉన్నంతకాలం ఒప్పందం నిలుస్తుంది. అది తగ్గిన రోజు నుంచి కాగితం మీద అక్షరాలు అలాగే ఉన్నా ఒప్పందం లోపల గుల్లబారుతూ ఉంటుంది.

చార్టర్ ఇచ్చింది ఎంత?

ఐక్యరాజ్యసమితి చార్టర్ రెండో అధికరణం నాలుగో పేరా బలప్రయోగాన్ని, బలప్రయోగ బెదిరింపును నిషేధించింది. 51వ అధికరణం సాయుధ దాడి జరిగినప్పుడు ఆత్మరక్షణ హక్కును కాపాడింది. ఆయుధాల విషయంలో మాత్రం చార్టర్ చాలా పొదుపుగా మాట్లాడింది. ప్రపంచ మానవ, ఆర్థిక వనరుల్లో వీలైనంత తక్కువ భాగమే ఆయుధాలకు మళ్లేలా నియంత్రణ ప్రణాళిక తయారు చేయాలని 26వ అధికరణం భద్రతా మండలికి బాధ్యత అప్పగించింది. ఎనిమిది దశాబ్దాలైనా మండలి అలాంటి ప్రణాళికను ఇవ్వలేదు. వీటో అధికారమున్న ఐదు దేశాలే ఎన్‌పీటీ గుర్తించిన అణ్వాయుధ దేశాలు కూడా అన్న సంగతిని దీనితో కలిపి చూడాలి.

అమెరికాపై నికరాగ్వా వేసిన కేసులో 1986లో అంతర్జాతీయ న్యాయస్థానం ఈ స్థితిని సూటిగా చెప్పింది. ఒక సార్వభౌమ దేశం ఎన్ని ఆయుధాలు ఉంచుకోవాలన్న దానిపై, ఆ దేశం ఒప్పందం ద్వారానో మరోలాగో అంగీకరించిన పరిమితి తప్ప, సాధారణ అంతర్జాతీయ చట్టంలో ఏ పరిమితీ లేదు. అంటే ఈ రంగంలో చట్టమంతా అంగీకారం మీద కట్టిన ఇల్లే. ఎవరు సంతకం పెట్టలేదు అన్నది, ఎవరు పెట్టారు అన్నంత ముఖ్యం కావడానికి కారణం ఇదే.

వాడకూడదు అనడానికీ ఉంచుకోకూడదు అనడానికీ చాలా దూరం ఉంది. 400 గ్రాముల కంటే తక్కువ బరువుండే పేలుడు తూటాలను 1868 సెయింట్ పీటర్స్‌బర్గ్ ప్రకటన నిషేధించింది. అది వాడకం మీద నిషేధం. 1925 జెనీవా ప్రొటోకాల్ విషవాయువులను, సూక్ష్మజీవులను యుద్ధంలో వాడకూడదంది గాని, తయారు చేయకూడదనలేదు, నిల్వ పెట్టకూడదనలేదు. పైగా తమపై ప్రయోగిస్తే తిరిగి ప్రయోగిస్తామని చాలా దేశాలు షరతు పెట్టి చేరాయి. దాంతో ఆ ప్రొటోకాల్ అమల్లో ఉండగానే దశాబ్దాలపాటు వేల టన్నుల విషవాయువు పోగుపడింది, అదీ చట్టాన్ని మీరకుండానే. ఉంచుకోవడాన్నే నిషేధించే మెట్టు ఎక్కడానికి 1972 జీవాయుధాల ఒప్పందం, 1993 రసాయన ఆయుధాల ఒప్పందం దాకా ఆగాల్సి వచ్చింది.

అణ్వాయుధాల దగ్గర ఈ రెండు ప్రశ్నలూ ముడిపడిపోయాయి. 1996 జులై 8న ఇచ్చిన సలహా అభిప్రాయంలో అంతర్జాతీయ న్యాయస్థానం, అణ్వాయుధాల వాడకం సాధారణంగా యుద్ధ నియమాలకు విరుద్ధమేనంది. ఒక దేశం మనుగడకే ముప్పు వచ్చిన విపరీత ఆత్మరక్షణ పరిస్థితిలో అది చట్టబద్ధమా కాదా అన్నది మాత్రం తేల్చలేనంది. ఆ పేరా మీద న్యాయమూర్తులు ఏడుగురు ఒకవైపు, ఏడుగురు మరోవైపు నిలవగా అధ్యక్షుడి నిర్ణాయక ఓటుతో అది గట్టెక్కింది. నిరాయుధీకరణ చర్చలు చిత్తశుద్ధితో జరపడమే గాక వాటిని ముగింపుకు తీసుకురావాల్సిన బాధ్యత ఉందన్న మాటపై మాత్రం న్యాయమూర్తులంతా ఏకమయ్యారు. ఆ బాధ్యతను అమలు చేయించాలని మార్షల్ దీవులు కోర్టుకెక్కితే, 2016లో భారత్, పాకిస్థాన్, బ్రిటన్‌లపై మూడు కేసులూ విచారణ దాకా వెళ్లకుండానే ఆగిపోయాయి. కేసు వేసేనాటికి దేశాల మధ్య 'వివాదం' ఉన్నట్టు రుజువు కాలేదన్నది కారణం. బ్రిటన్ కేసులో ఓట్లు 8-8. అక్కడా నిర్ణయించింది అధ్యక్షుడి ఓటే. పన్నెండేళ్ల పాటు అణు పరీక్షలకు వేదికైన దీవులకు ఈ కారణం ఎంత పొడిగా వినిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు.

లెక్క ఎలా తీస్తారు?

రసాయన ఆయుధాల ఒప్పందం 1997 ఏప్రిల్ 29న అమల్లోకి వచ్చింది. 193 దేశాలు సభ్యులు. పని జరిగే వరుస ఇది: తనకు ఒప్పందం వర్తించిన 30 రోజుల్లో ప్రతి దేశమూ తన నిల్వలు, కర్మాగారాలు, పాత ప్రయోగశాలల వివరాలను ప్రకటించాలి. తనిఖీదారులు వచ్చి ఆ లెక్కను సరిచూసి సీళ్లు వేస్తారు. ధ్వంసం రెండేళ్లలోపు మొదలై పదేళ్లలో పూర్తి కావాలి. అది జరుగుతున్నంతసేపూ తనిఖీదారులు అక్కడే ఉంటారు. రసాయనాలను ప్రమాదాన్ని బట్టి మూడు జాబితాలుగా విడగొట్టారు. సారిన్, మస్టర్డ్ లాంటి యుద్ధ విషాలు మొదటి జాబితా; పరిశోధన, వైద్యం, రక్షణ పరీక్షల కోసం ఒక దేశం మొత్తం మీద ఒక టన్నుకు మించి ఉంచుకోకూడదు. రెండో జాబితాలోని థయోడైగ్లైకాల్ సిరాలు, రంగుల తయారీలో పనికొస్తుంది. దాన్నుంచి మస్టర్డ్‌కు ఒక్క అడుగే.

ఇందులో అన్నిటికంటే తెలివైన భాగం నిర్వచనం. జాబితాలో ఉన్నదాన్నే కాదు, చంపడానికీ గాయపరచడానికీ ఉద్దేశించిన ఏ విషరసాయనాన్నైనా రసాయన ఆయుధంగానే చూడాలని రెండో అధికరణం అంటుంది. క్లోరిన్ ఏ జాబితాలోనూ లేదు, ఉండదు కూడా; తాగునీటిని శుద్ధి చేయడానికి అది కావాలి. దాన్నే పీపాల్లో నింపి ఇళ్ల మీద పడేస్తే అది నిషిద్ధ ఆయుధం. సిరియాలో విషవాయు దాడులపై విచారణల్లో ఈ నిర్వచనమే ఆధారమైంది.

ప్రకటించిన నిల్వలు మొత్తం 72,304 టన్నులు. పదేళ్ల గడువు దాటిపోయింది, పొడిగించిన 2012 గడువూ దాటిపోయింది. రష్యా 2017 సెప్టెంబరులో ముగించింది. చివరిగా అమెరికా 2023 జులై 7న కెంటకీలోని బ్లూ గ్రాస్‌లో సారిన్ నింపిన ఆఖరి రాకెట్‌ను ధ్వంసం చేసింది. ఇంత ఆలస్యానికి కారణం ఎక్కువగా ఇంజినీరింగే. దశాబ్దాల నాటి రాకెట్‌లో విషం, పేలుడు పదార్థం, ఇంధనం ఒకే గొట్టంలో ఉంటాయి. లోహం తుప్పుపట్టి కారుతుంది. కొలిమిలో కాల్చితే గాలిలోకి ఏం వెళ్తుందోనని చుట్టుపక్కల జనం అడ్డుపడ్డారు. అందుకని కొన్నిచోట్ల కాల్చడం మానేసి, క్షారం కలిపిన వేడినీటితో విరిచే పద్ధతికి మారాల్సి వచ్చింది. ఆయుధం తయారు చేయడానికయ్యే ఖర్చు కంటే దాన్ని జాగ్రత్తగా విప్పడానికయ్యే ఖర్చు చాలా ఎక్కువ. చర్చల బల్ల దగ్గర కూర్చునేవాళ్లు గడువులు రాసేటప్పుడు ఈ లెక్కను తక్కువగా అంచనా వేయడం మామూలైపోయింది.

ఇదే ఒప్పందంలో ఎంతో పదునుగా రూపొందించి, ఒక్కసారీ వాడని సాధనం కూడా ఉంది: సవాలు తనిఖీ. అనుమానం వచ్చిన దేశం మరో దేశంలో ఏ స్థలాన్నైనా తనిఖీ చేయమని కోరవచ్చు. కార్యనిర్వాహక మండలి 12 గంటల్లోగా నాలుగింట మూడొంతుల మెజారిటీతో వద్దంటే తప్ప అది ఆగదు. అయినా 1997 నుంచి ఎవరూ కోరలేదు. వెళ్లి చూస్తే ఏమీ దొరక్కపోవచ్చు, అప్పుడు ఆరోపించిన దేశం పరువే పోతుంది. నిఘా ద్వారా తెలిసిన సంగతి బయటపెట్టాలన్నా ఇబ్బందే. అరలో ఎక్కువకాలం ఉండిపోయిన సాధనాన్ని మొదటిసారి బయటికి తీయడమే పెద్ద రాజకీయ చర్యగా మారుతుంది.

జీవాయుధాల ఒప్పందానికి ఈ యంత్రాంగమేదీ లేదు. 1975లో అమల్లోకి వచ్చిన ఆ ఒప్పందం పూర్తి నిషేధం విధించి, సరిచూసే ఏర్పాటు లేకుండా వదిలేసింది. సంతకం పెట్టిన సోవియట్ యూనియనే రహస్యంగా భారీ కార్యక్రమం నడిపింది. 1979లో స్వెర్ద్‌లోవ్‌స్క్ సైనిక కేంద్రం నుంచి ఆంత్రాక్స్ బీజాలు గాలిలోకి లీకై అరవైమందికి పైగా చనిపోయారు. కలుషిత మాంసమే కారణమని ఏళ్ల తరబడి చెప్పారు. 1992లోగాని నిజం ఒప్పుకోలేదు. తనిఖీ ప్రొటోకాల్ కోసం సాగిన చర్చలు 2001లో అమెరికా కాదనడంతో కుప్పకూలాయి. సాంకేతికమైన చిక్కు కూడా నిజమైనదే. విషవాయువును టన్నుల్లో లెక్కించవచ్చు. సూక్ష్మజీవి తనంతట తానే పెరుగుతుంది, ఒక చిన్న సీసా చాలు. కాబట్టి పరిమాణాన్ని బట్టి ఉల్లంఘనను పట్టుకునే దారి అక్కడ మూసుకుపోతుంది.

అణు పదార్థం విషయంలో లెక్క మళ్లీ సాధ్యమే. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ (ఐఏఈఏ) 'గణనీయ పరిమాణం' అనే కొలత వాడుతుంది: ప్లుటోనియమైతే 8 కిలోలు, అధిక శుద్ధి యురేనియమైతే (బాంబుకు పనికొచ్చే యురేనియం-235 వాటాను బాగా పెంచినది) అందులోని యురేనియం-235 ఐసోటోపు 25 కిలోలు. ఇంత పదార్థం దారి మళ్లితే ఒక బాంబుకు సరిపోయే అవకాశాన్ని కొట్టిపారేయలేం. దారి మళ్లిన సంగతి ఎంతలోగా బయటపడాలన్నదానికీ లక్ష్యం ఉంది: నేరుగా వాడదగ్గ, రేడియేషన్‌కు గురికాని పదార్థమైతే నెల, వాడిన ఇంధనంలోనిదైతే మూడు నెలలు. భద్రత అనే మాటను చట్టం ఇక్కడ రోజుల్లోకి మార్చింది. మిగతా ప్రపంచం స్పందించడానికి సరిపడా వ్యవధి మిగలడమే తనిఖీ ఇచ్చే భద్రత.

ఇరాన్ లెక్క దీన్ని స్పష్టంగా చూపిస్తుంది. అగ్రదేశాలతో కుదిరిన 2015 ఒప్పందం ఆ దేశపు శుద్ధి స్థాయిని 3.67 శాతానికి, నిల్వను 300 కిలోలకు పరిమితం చేసింది. బాంబుకు కావాల్సిన పదార్థం సమకూర్చుకోవడానికి ఏడాది పట్టేలా చూడటం దాని లక్ష్యం. అమెరికా 2018 మేలో తప్పుకుంది. 2025 జూన్ నాటికి 60 శాతం శుద్ధి యురేనియం 440 కిలోలకు పైగా పోగైంది. 60 శాతం శుద్ధిలో 25 కిలోల యురేనియం-235 కావాలంటే దాదాపు 42 కిలోలు అవసరం. అంటే ఆ నిల్వ సుమారు పది గణనీయ పరిమాణాలకు సమానం. అదే నెలలో ఇజ్రాయెల్, అమెరికా ఇరాన్ అణు కేంద్రాలపై దాడి చేశాయి. ఆ తర్వాత ఇరాన్ ఐఏఈఏతో సహకారాన్ని నిలిపేసింది. దాడి ఎన్ని యంత్రాలను పాడుచేసిందన్న చర్చ అటుంచితే, అప్పటిదాకా ఐఏఈఏ సరిచూస్తూ వచ్చిన నిల్వల లెక్క చేజారింది. భద్రత పేరుతో చేసిన పని భద్రతకు ఆధారమైన సమాచారాన్నే మింగేసిందని చెప్పాల్సి ఉంటుంది.

రెండు దేశాలు, రెండు రకాల ధ్వంసం

దక్షిణాఫ్రికా ఆరు అణుబాంబులు తయారు చేసి, తానే విప్పేసి, 1991లో ఎన్‌పీటీలో చేరింది. 1993 మార్చిలో అధ్యక్షుడు డి క్లర్క్ ఆ సంగతి పార్లమెంటులో ప్రకటించాడు. ఐఏఈఏ నిపుణులకు శుద్ధి కర్మాగారపు రోజువారీ రికార్డులు ఇచ్చారు. ఎంత ముడి యురేనియం లోపలికి వెళ్లింది, ఎంత బయటికి వచ్చింది, వ్యర్థాల్లో ఎంత మిగిలింది అని వెనక్కి లెక్కగట్టి, చెప్పిన నిల్వకూ దానికీ పొంతన ఉందని తేల్చారు.

ఇరాక్ 1991 వేసవిలో చాలా నిషిద్ధ ఆయుధాలను తనిఖీదారులకు చెప్పకుండా, తగిన రికార్డులు లేకుండా తానే ధ్వంసం చేసింది. భద్రతా మండలి 687వ తీర్మానం అడిగింది అంతర్జాతీయ పర్యవేక్షణలో ధ్వంసం. ఆయుధాలు లేవన్నది నిజమే అయినా, లేవని రుజువు చేసే కాగితం లేదు. పన్నెండేళ్లపాటు ఆ ఖాళీలోకి అనుమానాలు వచ్చి చేరాయి. 2003 యుద్ధానికి చెప్పిన సాకు ఆ ఖాళీలోంచే పుట్టింది. యుద్ధం తర్వాత వెతికితే నిల్వలేమీ దొరకలేదు. ఆ యుద్ధాన్ని ఇది ఏ రకంగానూ సమర్థించదు. తనిఖీలు సాగుతుండగానే, మండలి స్పష్టమైన అనుమతి లేకుండానే దాడి జరిగింది. కానీ ఆయుధాలు వదిలే దేశం ఏదైనా ధ్వంసం చేసేటప్పుడే సాక్ష్యాన్ని కూడా తయారు చేసుకోవాలని ఈ రెండు అనుభవాలూ చెబుతున్నాయి.

వదిలినవాళ్లకు దక్కిందేమిటన్నది ఇంకా బరువైన ప్రశ్న. 1994 డిసెంబరు 5 నాటి బుడాపెస్ట్ పత్రంలో అమెరికా, బ్రిటన్, రష్యా, అణ్వాయుధాలు వదులుకుంటున్న ఉక్రెయిన్ సరిహద్దులను గౌరవిస్తామన్నాయి. ఆ పత్రంలో ఉన్నది హామీయే గాని పూచీ కాదు. మాట తప్పితే సంప్రదింపులు జరపాలని ఉంది తప్ప, ఎవరో వచ్చి కాపాడాలని లేదు. ఉక్రెయిన్ గడ్డ మీదున్న వార్‌హెడ్లను (క్షిపణి మోసుకెళ్లే బాంబులను) పేల్చే అధికారం మాస్కో చేతిలోనే ఉండేది కాబట్టి, అవి ఉంచుకుని ఉంటే 2014లో రష్యా క్రిమియాను ఆక్రమించేది కాదన్న వాదన మరీ సులువైనది. అయినా ఆ హామీని తుంగలో తొక్కడం వల్ల జరిగిన నష్టం ఏ క్షిపణి పరీక్షా చేయలేనిది. రేపు మరో దేశాన్ని ఆయుధాలు వదలమని అడిగేవాళ్ల చేతిలో చూపించడానికి ఏ పత్రం ఉంటుంది?

విడిపోయే వరుస

ఒప్పందాలు ఒక్కరోజులో కూలవు. మొదట తనిఖీ ఆగుతుంది, తర్వాత సమాచారం, చివర్లో పరిమితి. అమెరికా, రష్యాల మధ్య 2010లో కుదిరిన అణ్వాయుధ పరిమితి ఒప్పందం న్యూ స్టార్ట్ ఇందుకు పాఠం లాంటిది. ఒక్కో దేశానికి పరిమితి: మోహరించిన వార్‌హెడ్లు 1,550, మోహరించిన క్షిపణులూ బాంబర్లూ 700. ఏడాదికి 18 తనిఖీలు, రెండుసార్లు పూర్తి లెక్కల మార్పిడి, ప్రతి క్షిపణికీ ఒక గుర్తింపు సంఖ్య. తనిఖీ బృందం ఒక క్షిపణిని ఎంచుకుంటే దాని మీద ఎన్ని వార్‌హెడ్లున్నాయో ముందు చెప్పి, తర్వాత ముసుగు కప్పి చూపించాలి. డిజైన్ బయటపడదు, సంఖ్య బయటపడుతుంది. 2020 మార్చిలో కోవిడ్ వల్ల తనిఖీలు ఆగాయి, మళ్లీ మొదలవలేదు. 2023 ఫిబ్రవరిలో రష్యా ఒప్పందాన్ని తాత్కాలికంగా నిలిపేస్తున్నానంది. అలా నిలిపే నిబంధన ఒప్పందంలో లేదు. లెక్కల మార్పిడి ఆగింది. ఒక్కసారే పొడిగించడానికి వీలున్న గడువు 2026 ఫిబ్రవరి 5తో తీరిపోయింది. అప్పటికే 328 తనిఖీలు, 25,000కు పైగా నోటీసుల చరిత్ర ఉన్న ఏర్పాటు అది.

మందుపాతరల ఒప్పందంలో పాడైన తీరు వేరు, ఆలోచించదగ్గది. వైదొలగే నోటీసు గడువు ముగిసేనాటికి ఆ దేశం సాయుధ సంఘర్షణలో ఉంటే, సంఘర్షణ ముగిసేదాకా వైదొలగడం చెల్లదని 20వ అధికరణం అంటుంది. యుద్ధం మధ్యలో నియమాలు వదిలేయకుండా పెట్టిన మంచి కట్టడి ఇది. కానీ సరిహద్దు అవతల యుద్ధం చూస్తున్న దేశానికి ఇదే నిబంధన మరో సంగతి చెప్పింది: వెళ్లాలంటే యుద్ధం రాకముందే వెళ్లాలి. 2025లో ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా, ఫిన్లాండ్, పోలాండ్ శాంతికాలంలోనే నోటీసులిచ్చాయి. యుద్ధంలో ఉన్న ఉక్రెయిన్ ఆ దారి మూసుకుపోవడంతో ఒప్పందాన్ని 'నిలిపేస్తున్నట్టు' చెప్పింది. దాని చెల్లుబాటుపై అభ్యంతరాలు వచ్చాయి. ఇలాంటి కట్టడి రాసేవాళ్లు, దాన్ని తప్పించుకోవడానికి దేశాలు ఎంత ముందుగా కదులుతాయో కూడా లెక్కలోకి తీసుకోవాలి.

పెద్ద ఒప్పందాలు ఇలా సడలుతున్నా కొన్ని చిన్న ఏర్పాట్లు మొండిగా నిలిచాయి. భారత్, పాకిస్థాన్‌లు ఒకదాని అణు కేంద్రాలపై మరొకటి దాడి చేయకూడదని 1988 డిసెంబరు 31న సంతకాలు చేశాయి. ఆ ఒప్పందం ప్రకారం 1992 నుంచి ప్రతి జనవరి 1న కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. 2002 సైనిక మోహరింపు నడుమ కూడా అది ఆగలేదు. అలాగే అమెరికా, సోవియట్ యూనియన్ 1988 మే 31న మాస్కోలో చేసుకున్న ఒప్పందం ప్రకారం, ఖండాంతర క్షిపణినిగాని జలాంతర్గామి క్షిపణినిగాని ప్రయోగించడానికి కనీసం 24 గంటల ముందు తేదీ, ప్రయోగించే ప్రాంతం, పడే ప్రాంతం తెలియజేయాలి. న్యూ స్టార్ట్‌ను నిలిపేసినప్పుడు కూడా ఈ నోటీసులు కొనసాగిస్తామని రష్యా చెప్పింది. ఇందులో ఒక్క క్షిపణి తగ్గదు, తనిఖీ కూడా ఉండదు. రాడార్ తెరపై చుక్క కనిపించినప్పుడు అది పరీక్షా, దాడా అని తేల్చుకోవాల్సిన అధికారి దగ్గర ముందురోజు వచ్చిన ఒక సందేశం మాత్రం ఉంటుంది.